ఆటోపైలట్ చేయి విడిచినపుడు

1914వ సంవత్సరము జూన్ 18వ తేదీన పారిస్ నగరమునకు సమీపమున, బెజాన్ వద్ద, సేన్ నది యొడ్డున జనము గుమిగూడి యుండిరి. విమానములకు భద్రత చేకూర్చు కొత్త సాధనములకై ఫ్రెంచివారు పెట్టిన పోటీ అది. లారెన్స్ స్పెర్రీ అను ఇరువదియొక్క సంవత్సరముల అమెరికను యువకుడు తన కర్టిస్ విమానమును నదిమీదుగా తక్కువ ఎత్తున నడుపుచు వచ్చి, న్యాయనిర్ణేతల యెదుటికి రాగానే రెండు చేతులను పైకెత్తి చూపెను. రెండవసారి వచ్చినపుడు అతని సహాయకుడైన ఎమిల్ కాషాన్ కుడి రెక్కమీదికి పోయి నిలుచుండెను. ఒక ప్రక్కనే అంత బరువు పడినను విమానము కొంచెము కదలి మరల సమమాయెను. మూడవసారి స్పెర్రీ కూడ తన స్థానమును విడిచి రెండవ రెక్కమీదికి చేరెను. చోదకుని ఆసనము ఖాళీగా ఉన్నది. విమానము నేరుగా పోవుచున్నది. ఏబది వేల ఫ్రాంకుల బహుమతి అతనికి దక్కినది.

ఆ విమానమును నిలిపినవి గైరోస్కోపులు, అనగా విద్యుచ్ఛక్తితో వేగముగా తిరుగు బొంగరముల వంటి చక్రములు. మన పిల్లలు ఆడుకొను బొంగరము తిరుగుచున్నంతసేపు తన ముల్లుమీద నిలుచునే గాని పడిపోదు. తిరుగు చక్రము తన ఇరుసు దిక్కును విడువదు. తగిన చట్రములో బిగించిన చక్రము చుట్టును విమానము ఎటు ఒరిగినను ఇరుసు మాత్రము కదలక నిలుచును. ఆ రెంటి నడుమ ఏర్పడు కోణమే దోషమునకు కొలత. ఆ కొలతనుబట్టి చిన్న యంత్రమొకటి రెక్కల చివరనున్న ఏలరాన్లను, తోకయందలి ఎలివేటరును కదల్చి దోషమును సున్నకు తెచ్చును. నేటి విమానములలో బొంగరములకు బదులు కాంతికిరణములతో పనిచేయు గైరోలును కంప్యూటర్లును వచ్చినవి. అయినను దోషమును కొలుచుట, దిద్దుట, మరల కొలుచుట అను ఆ వరుస మారలేదు.

ఇచ్చట ఒక సంగతిని పాఠకులు గమనింపవలెను. కాషాన్ రెక్కమీదికి పోయినపుడు, అక్కడ మనిషి నిలుచున్నాడని ఆ యంత్రమునకు తెలియదు. విమానము ఒరుగుచున్నదని మాత్రమే దానికి తెలియును. ఒరుగుటకు కారణమేమో అది అడుగలేదు, ఎవరికిని చెప్పలేదు, ఊరక దిద్దినది. ఆనాడు అది దాని గొప్పతనముగా కనబడెను. డెబ్బది యేండ్ల తరువాత పసిఫిక్ సముద్రముమీద ఈ మౌనమే ఎంత పని చేసెనో ముందు చెప్పెదను.

స్పెర్రీ తరువాత ఆటోపైలట్ త్వరగానే పెరిగినది. 1933 జులైలో వైలీ పోస్ట్ ఒంటరిగా భూమిని చుట్టివచ్చినపుడు స్పెర్రీ కంపెనీ ఆటోపైలట్‌ను వెంట తీసికొనిపోయెను. త్రోవలో దానికి మరమ్మతులు చేయించుకొనవలసి వచ్చినది. అయినను 7 దినముల 18 గంటల 49 నిమిషములలో అతడు ప్రయాణమును ముగించెను. 1947 సెప్టెంబరులో అమెరికా సైన్యపు నాలుగు ఇంజనుల విమానమొకటి, మనుష్యుడు చేయి పెట్టకుండ, న్యూఫౌండ్‌లాండ్ నుండి లేచి అట్లాంటిక్ దాటి ఇంగ్లండులో దిగెను. ఇక చోదకుని పని తీరినట్లే అని అనుకొన్నవారును ఆ దినములలో లేకపోలేదు.

ఆ తరువాత వచ్చినవి జెట్ విమానములు. వాటితో ప్రయాణపు ఎత్తు 35,000 అడుగులకును, అంతకు పైకిని పోయినది. ఆ ఎత్తున గాలి సంగతి వేరు. దీనిని కొంత వివరముగా చెప్పవలెను. ఏలయన తరువాతి కథ అంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

రెక్కవలన కలుగు ఎత్తుడుబలము గాలి సాంద్రతమీదను, వేగముయొక్క వర్గముమీదను ఆధారపడును. 35,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టమున ఉన్నదానిలో పదింట మూడు వంతులు మాత్రమే. కావున అంతే బరువును మోయుటకు రెక్క గాలిలో సుమారు 1.8 రెట్లు వేగముగా పోవలెను. ఈ వేగము తగ్గినచో ముక్కును ఇంకను పైకెత్తవలసి వచ్చును. రెక్కకు గాలి తగులు కోణము పెరుగును. ఒక హద్దు దాటగానే రెక్క పైభాగమున గాలి ప్రవాహము విడిపోయి ఎత్తుడుబలము పడిపోవును. దీనినే స్టాల్ అందురు. ఇది క్రింది హద్దు. పై హద్దు ధ్వనివేగమువలన వచ్చును. అక్కడి ఉష్ణోగ్రత సున్నకు దిగువ 54 డిగ్రీల సెంటీగ్రేడు. ధ్వనివేగము ఉష్ణోగ్రతతో తగ్గునని మన విద్యార్థులెరుగుదురు; నేలమీద సెకనుకు 340 మీటర్లున్నది అక్కడ సుమారు 297 మీటర్లే. విమానము ఆ వేగమునకు సమీపించిన కొలది రెక్కమీద అఘాత తరంగములు పుట్టి విమానమును వణికించును. ఎత్తు పెరిగిన కొలది క్రింది హద్దు పైకి జరుగును, పై హద్దు క్రిందికి దిగును. ఆ రెండును కలియు చోటును చోదకులు 'శవపేటిక మూల' అని పిలుచుకొందురు. ప్రయాణికుల విమానములు ఆ మూలకు దూరముగానే పోవును గాని, నేలకు దగ్గరనున్నంత వెసులుబాటు వాటికి అక్కడ లేదు.

ఇంకొక చిక్కు కలదు. చేతిని నీటిలో ఊపిచూడుడు, గాలిలో ఊపిచూడుడు. నీరు అడ్డుపడును, గాలి అంతగా అడ్డుపడదు. విమానము ముక్కు పైకిగాని క్రిందికిగాని ఊగినపుడు ఆ ఊపును అణచునది చుట్టునున్న గాలియే. పలుచని గాలిలో ఈ అణచు గుణము తక్కువ. కావున నేలదగ్గర సరిపోవు చేతికదలిక అక్కడ మితిమీరిపోవును. ఇట్టి చోట, అలసట యెరుగని యంత్రము మనుష్యునికంటె నయముగా నడుపును. ఇందులో సందేహము లేదు. అందుచేతనే 29,000 నుండి 41,000 అడుగుల వరకు విమానముల నడుమ నిలువు ఎడమును 2,000 నుండి 1,000 అడుగులకు తగ్గించినపుడు (ఉత్తర అట్లాంటిక్‌పై 1997లో, మన దేశపు ఆకాశములో 2003లో) ఎత్తును నిలుపు స్వయంచాలక సాధనము ఉండి తీరవలెనని నియమము పెట్టిరి. దీనివలన ఆకాశములో ఎక్కువ విమానములకు చోటు దొరికినది. దానితోపాటు, ఆ ఎత్తున స్వయముగా చేతితో నడుపు అవకాశము చోదకులకు దాదాపు లేకుండ పోయినది.

ఇక చరిత్రకు వత్తము. 1959 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి పాన్ అమెరికన్ కంపెనీ బోయింగ్ 707 విమానము నూరుమందికి పైగా ప్రయాణికులతో న్యూయార్కునకు పోవుచు అట్లాంటిక్‌పై 35,000 అడుగుల ఎత్తున ఉండెను. ఆ కంపెనీ 707లతో అట్లాంటిక్ దాటుట మొదలుపెట్టి అప్పటికి నాలుగు నెలలైనను కాలేదు. కెప్టెన్ లేచి ప్రయాణికుల దగ్గరకు వెళ్ళెను. సహచోదకుడు తన ఆసనములో ఉండెను. ఆ సమయమున ఆటోపైలట్ తనంతట తాను విడిపోయెను. విమానము మెల్లగా ఒక ప్రక్కకు ఒరిగి, సుడి తిరుగుచు దిగసాగెను. అది ముదిరి ప్రచండమైన పతనమైనపుడు గాని లోపలివారికి తెలియలేదు. కెప్టెన్ ప్రాకుకొనుచు కాక్‌పిట్టునకు చేరి, అందరును కలిసి ప్రయత్నింపగా 6,000 అడుగుల ఎత్తున విమానము నిలిచినది. గాండర్ విమానాశ్రయమున క్షేమముగా దిగిరి.

ఒరుగుట మొదట ఎవరికిని తెలియకపోవుటయేమి? దీనికి సమాధానము మన చెవిలో ఉన్నది. లోచెవిలోని అర్ధవృత్తాకార నాళములందలి ద్రవము వేగముగా మొదలగు భ్రమణమును తెలుపును గాని, మిక్కిలి మెల్లగా మొదలగు భ్రమణమును తెలుపలేదు. పైగా విమానము ఒరిగి వంపుగా తిరుగునపుడు బరువు ఎప్పటివలె కాళ్ళక్రిందికే లాగుచున్నట్లుండును. బల్లమీది గ్లాసులోని నీరు ఒలకదు. చీకటిలో దిగంతము కనబడదు. ఇక తెలుపవలసినవి పరికరములే. ఆటోపైలట్ విడిపోయినపుడు వెలుగు హెచ్చరిక దీపము అక్కడ ఉన్నది. కాని దానిని మసకగా వెలుగునట్లు తగ్గించి పెట్టియుండిరి. అధికవేగమున ముక్కు తనంతట క్రిందికి వంగు స్వభావమును దిద్దు సాధనపు మీటయు ఆపివేసి యుండెను. సహచోదకుని అజాగ్రత్తయే కారణమని విచారణలో తేలినది. మసకదీపమును, ఆ మీటను తోడ్పడిన కారణములుగా చెప్పిరి.

ఆ తీర్పు తప్పు అని నేను అనను. కాని దానికి పదునొకండేండ్ల ముందే, 1948లో, కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు నార్మన్ మాక్‌వర్త్ ప్రకటించిన ప్రయోగమొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధములో రాడారు తెరముందు కూర్చున్నవారు కొంతసేపటికి శత్రువు గుర్తును చూడలేకపోవుచుండిరి. దానిని పరీక్షించుటకు ఆయన అంకెలులేని గడియారపు ముఖమొకటి చేయించెను. ముల్లు సెకనుకొకసారి ఒక గంతు వేయును; ఎప్పుడో ఒకసారి రెట్టింపు గంతు వేయును. అది చూచినవారు మీట నొక్కవలెను. పని అంతే! ఆరోగ్యవంతులు, శిక్షితులు అయిన యువకులు కూడ అరగంట గడచునప్పటికి రెట్టింపు గంతులను ఎక్కువగా జారవిడువసాగిరి. ఏమియు జరుగని దానిని ఎడతెగక కనిపెట్టియుండుట మనుష్యుని మెదడు చేయజాలని పని. ఆటోపైలట్ చోదకుని చేతులకు విశ్రాంతి నిచ్చి, కండ్లకు సరిగా ఇట్టి పనినే అప్పగించినది. ఉపాధ్యాయులు కోరినచో ఈ ప్రయోగమును తరగతిలోనే చేసి చూపవచ్చును. నిమిషముల ముల్లును చేతితో త్రిప్పు అట్ట గడియారము చాలును.

1985 ఫిబ్రవరి 19న జరిగినది నా దృష్టిలో వీటన్నిటికంటె బోధకరమైనది. చైనా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 747ఎస్‌పి విమానము తైపే నుండి లాస్ ఏంజిలీస్‌కు 274 మందితో పోవుచు 41,000 అడుగుల ఎత్తున ఉండెను. రాత్రంతయు సాగిన ప్రయాణము చివరకు వచ్చినది. కుడివైపు చివరనున్న నాలుగవ ఇంజను ఆగిపోయెను. నాలుగింట ఒకటి ఆగుట అంత ప్రమాదము కాదు. దిగువకు దిగి మరల అంటించుకొనవచ్చును. అయితే జోడెడ్ల బండికి ఒక ఎద్దు చతికిలబడినచో బండి ఆ ప్రక్కకే తిరుగును గదా! విమానమును కుడికి తిరుగసాగెను. దీనికి విరుగుడు తోకనున్న చుక్కాని. ఆ ఆటోపైలట్‌కు చుక్కాని మీద అధికారము లేదు. తనకున్నవి ఏలరాన్లు, వాటితోనే ఎడమకు ఒరగబెట్టి తట్టుకొనుచుండెను. ఎత్తు తగ్గకుండుటకు ముక్కును కొంచెము కొంచెము పైకెత్తుచుండెను, దానితో వేగము తగ్గుచుండెను. చక్రమును ఎడమకు త్రిప్పి, తనకు అనుమతింపబడిన చివరి హద్దువరకు త్రిప్పి, అక్కడ ఆగిపోయెను.

ఇంతసేపు విమానము చూచుటకు మామూలుగానే ఉన్నది. రెక్కమీద కాషాన్ నిలుచున్ననాటి కథయే ఇది. ఇచ్చట ఆ బరువు నిమిషనిమిషమునకు పెరుగుచున్నది. చక్రము ఎంత త్రిప్పబడి యున్నదో చూచినవాడికి సంగతి తెలియును. కాని కెప్టెన్ దృష్టి ఇంజనుమీదను, తగ్గుచున్న వేగముమీదను నిలిచియుండెను. చివరకు ముక్కును దించుటకై ఆయన ఆటోపైలట్‌ను విడిపించెను. అంతవరకు ఎడమకు పట్టియుంచిన చేయి తొలగెను. చుక్కాని మీద ఎవరి కాలును లేదు. విమానము కుడికి దొర్లి మేఘములలోనికి తలక్రిందుగా దూసుకొనిపోయెను. పరికరములలోని దిగంతపు గీత తిరుగుచుండుట చూచి, పరికరములే చెడిపోయినవని వారు భ్రమించిరి. మేఘముల క్రిందికి వచ్చి, 11,000 అడుగుల ఎత్తున నిజమైన దిగంతము కనబడిన తరువాతనే కెప్టెన్ విమానమును నిలుపగలిగెను. రెండున్నర నిమిషములలోపల ముప్పది వేల అడుగులు పడిపోయిరి. తోకభాగములు కొన్ని విరిగిపోయినను శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగగలిగిరి. ఇద్దరికి తీవ్రమైన గాయములు, ప్రాణనష్టము లేదు. పరికరములను సరిగా కనిపెట్టకపోవుటయు, ఇంజను ఆగిన తరువాత ఆటోపైలట్‌ను మితిమీరి నమ్ముటయు కారణములని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చినది.

ఈ ఉదంతములో యంత్రము చెడిపోలేదు. తనకు చెప్పినదంతయు చేసినది. దాని కష్టమును అది దాచిపెట్టినది, లేక చెప్పుటకు దానికి నోరు లేదు అనవలెను. 1994 మార్చి 23న సైబీరియామీద పోవుచున్న ఏరోఫ్లోట్ వారి ఎయిర్‌బస్ ఏ310లో ఈ లోపమే వేరొక రూపమున ప్రాణాంతకమాయెను. చోదకుని కుమారుడు, ఒక బాలుడు, కెప్టెన్ ఆసనములో కూర్చుండి చక్రమును కొంతసేపు గట్టిగా పట్టుకొనగా, ఆటోపైలట్ ఏలరాన్లను మాత్రము విడిచివేసి మిగిలినవానిని తానే ఉంచుకొనెను. గంట మ్రోగలేదు, చిన్న దీపము మాత్రము వెలిగినది. సగము యంత్రము, సగము మనుష్యుడు నడుపుచున్నట్లు ఎవరికిని తట్టలేదు. 75 మందియు మరణించిరి.

ఎయిర్‌ఫ్రాన్స్ 447వ సర్వీసు విషయము దీనికి తారుమారు. 2009 మే 31 రాత్రి రియో డి జనీరో నుండి పారిస్‌కు బయలుదేరిన ఆ ఎయిర్‌బస్ ఏ330లో 228 మంది ఉండిరి. అర్ధరాత్రి దాటి 2 గంటల 10 నిమిషములకు (గ్రీనిచ్ కాలము) 35,000 అడుగుల ఎత్తున ఆటోపైలట్ విడిపోయెను. ఈసారి హెచ్చరిక బాగుగానే వినబడినది. కారణము వేగమును కొలుచు పిటాట్ గొట్టములు మంచు స్ఫటికములతో మూసుకొనిపోవుట. ఎదురుగా వచ్చు ప్రవాహపు ఒత్తిడిని కొలుచు ఈ గొట్టమును హెన్రీ పిటాట్ 1732లో సేన్ నది ప్రవాహమును కొలుచుటకు వాడెను. ఆ నదిమీదనే స్పెర్రీ చేతులెత్తి చూపినది! విమానమునకు అట్టి గొట్టములు మూడు ఉండెను. ముగ్గురు సాక్షులు మూడు విధములుగా చెప్పినపుడు ఎవరిని నమ్మవలెను? వేగము తెలియక ఆటోపైలట్ నడుపలేదు. కనుక తప్పుకొనెను. దానితోపాటు, చోదకుడు ముక్కును మితిమీరి ఎత్తకుండ అడ్డుకొను రక్షణలును తొలగినవి.

కెప్టెన్ అప్పుడే విశ్రాంతికి వెళ్ళియుండెను. ఇద్దరు సహచోదకులు కాక్‌పిట్టులో ఉండిరి. ఏమియు చేయక, ముక్కును, ఇంజన్లను అంతకుముందున్నట్లే ఉంచినచో సరిపోయెడిది. గొట్టములు ఒక్క నిమిషములోపలనే మరల పనిచేసినవి. కాని ఆ పలుచని గాలిలో, చీకటిలో, నడుపుచున్నవాడు దండమును వెనుకకు లాగెను. విమానము 38,000 అడుగుల దాపునకు ఎగబ్రాకి వేగము పోగొట్టుకొని స్టాల్ అయ్యెను. ముక్కు పైకే ఉన్నది, ఇంజన్లు గర్జించుచున్నవి, విమానము మాత్రము నిమిషమునకు పదివేల అడుగుల చొప్పున బల్లపరుపుగా క్రిందికి పోవుచున్నది. రెక్కకు గాలి తగులు కోణము 40 డిగ్రీలు దాటినది. స్టాల్ హెచ్చరిక ఏబది సెకన్లకు పైగా ఎడతెగక మ్రోగినది, తరువాత ఆగిపోయినది. ఆగుటకు కారణము విచిత్రమైనది. కొలువబడిన వేగము 60 నాట్లకు తగ్గినచో ఆ కోణపు కొలతను నమ్మరాదని కంప్యూటరునకు నేర్పియుండిరి. కావున ముక్కును దించినపుడు, అనగా సరియైన పని చేసినపుడు, వేగము పెరిగి హెచ్చరిక మరల మ్రోగినది. ముక్కును ఎత్తినపుడు ఊరకున్నది. కెప్టెన్ తిరిగివచ్చినను పరిస్థితి అతనికిని అంతుపట్టలేదు. స్టాల్ అను మాట ఆ ముగ్గురిలో ఎవరి నోటను రాలేదు. ఆటోపైలట్ విడిపోయిన నాలుగు నిమిషముల 23 సెకన్లకు విమానము సముద్రమున పడెను. ఒక్కరును బ్రతుకలేదు.

అంతకుముందును ఇట్లే గొట్టములు మూసుకొనిన సందర్భములు కలవు. ఆ విమానములు క్షేమముగా చేరినవి. అందువలన చోదకులను మాత్రమే నిందించుట సులభము. 2011 ఏప్రిలులో సుమారు 3,900 మీటర్ల లోతున శకలములు దొరికి, మే నెలలో రికార్డర్లు పైకి వచ్చిన తరువాత, ఫ్రెంచి విచారణ సంస్థ అంతతో ఆగలేదు. ఆ సహచోదకులు అంత ఎత్తున విమానమును చేతితో నడుపుటలో శిక్షణ పొందినవారు కారని అది వ్రాసినది. ఆ శిక్షణ ఇయ్యవలెనని కోరినది. ఇచ్చుటయు తేలిక కాలేదు. చోదకులు అభ్యాసము చేయు సిమ్యులేటరులు అప్పట్లో స్టాల్ అంచువరకు మాత్రమే విమానమును అనుకరింపగలిగియుండెను. అంచు దాటిన తరువాత విమానమెట్లు ప్రవర్తించునో అప్పటికి వాటిలో చేర్చియుండలేదు. అమెరికాలో 2013 నవంబరులో వచ్చిన నియమము పూర్తి స్టాల్ నుండి బయటపడు శిక్షణను తప్పనిసరి చేయుచు, సిమ్యులేటరులను సిద్ధపరచుకొనుటకు విమాన కంపెనీలకు 2019 మార్చి వరకు గడువిచ్చినది.

మరియొక సిఫారసును చెప్పవలెను. రెక్కకు గాలి తగులు కోణమును కొలుచు చిన్న రేకులు ఏ330 ముక్కు ప్రక్కల మూడు ఉన్నవి. ఆ రాత్రి వాటి కొలత కంప్యూటర్లకు చేరుచుండెను. స్టాల్ హెచ్చరికను మ్రోగించినది అదియే. కాని చోదకుల యెదుటనున్న పరికరములలో ఆ కోణమును చూపు ముల్లుగాని అంకెగాని లేదు. అట్టి సూచికను చోదకులకు నేరుగా కనబడునట్లు అమర్చుట అవసరమేమో పరిశీలింపుడని 2012 జులై నాటి తుది నివేదిక యూరప్, అమెరికా విమానయాన అధికార సంస్థలను కోరినది.